నాగావళి ఒడ్డున సున్నా

శ్రీకాకుళంలో ఇంట్లో కూర్చుని అరుణశ్రీ చేసే ఉద్యోగం ఏమిటో మేనమామ భార్య లక్ష్మణమ్మకు ఎన్నడూ అర్థం కాలేదు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లంతా వాడుకునే చిన్న చిన్న ఫంక్షన్లు, అంటే ముందే సిద్ధం చేసిన ప్రోగ్రాం ముక్కలు, ఉంటాయి. ఒక్కొక్కటి పని చెడితే ఆ సంగతి ఎలా తెలియజేస్తుందో, ఒక యంత్రంలో ఒకలా, మరో యంత్రంలో ఇంకోలా ఉంటే అదీ రాసిపెట్టడం అరుణశ్రీ పని.

"తప్పులెలా సెప్పాలో రాస్తాదంట మా కోడలు" అని లక్ష్మణమ్మ అందరికీ చెప్పి నవ్వేది.

ఆమె భర్త సోములు మావ పోయాక ఆ నవ్వు ఆగిపోయింది.

ఆమదాలవలస దాటాక నాగావళి మధ్య ఇసుక లంకలో సోములు గేదెలు మేపేవాడు. వరద వస్తే హెచ్చరించడానికి ఒక ప్రైవేటు కంపెనీ గట్టు మీద హారన్ పెట్టింది. ఎగువన ఏట్లో పెట్టిన మీటరు నీటిమట్టం కొలిచి పంపితే, గట్టు మీది పెట్టెలోని ప్రోగ్రాం అది చదివి హారన్ మోగించాలి. ముందటేడు బాగానే మోగింది. ఆ నమ్మకంతోనే, ఒడిశా కొండల్లో వానలు దంచుతున్నాయని తెలిసి కూడా సోములు కిందటి వానాకాలం లంకలోకి దిగాడు. మిట్టమధ్యాహ్నం ఏరు వచ్చిపడింది. హారన్ మోగలేదు. గేదెలు ఈదుకుంటూ ఒడ్డెక్కాయి. సోములు దిగువన తుమ్మకంపల్లో దొరికాడు.

"మీటరు సున్నా చూపించిందమ్మా" అన్నారు కంపెనీవాళ్లు.

మనిషిని ముంచేసినన్ని నీళ్లుంటే సున్నా ఎలా వస్తుంది? ఆ మాట అరుణశ్రీని వదల్లేదు. ప్రోగ్రాం రాసిన ఇంజనీరు మురళీమోహన్‌కి ఫోన్ చేసింది. అతను మారుమాట్లాడకుండా ప్రోగ్రామూ, ఆ రోజు మీటరు పంపిన రీడింగులూ ఇచ్చేశాడు. కొట్టుకొచ్చిన చెట్టు తగిలి మీటరు తీగ తెగింది. అప్పట్నించీ అది అంకెలకు బదులు 'రీడింగ్ లేదు' అన్న అక్షరాలు పంపింది. అక్షరాలను అంకెగా మార్చే ఫంక్షన్‌కి అందులో అంకె దొరకలేదు. సున్నా ఇచ్చింది.

"ఆఫీసులో పరీక్ష చేశాను మేడమ్. అంకె లేకపోతే ఎర్రర్ వచ్చింది. నా కళ్లతో చూశాను" అన్నాడతను.

అరుణశ్రీ రెండు యంత్రాల్లోనూ నడిపి చూసింది. అతను చెప్పింది నిజమే. ఆఫీసు యంత్రం సున్నాతో పాటు తప్పు జరిగిందన్న గుర్తు కూడా ఇచ్చింది. గట్టు మీది పెట్టె సున్నా ఇచ్చి ఊరుకుంది. నియమాల ప్రకారం రెండూ సరైనవే. గుర్తు ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. ఆ ఫంక్షన్ గురించి అతను చదువుకున్న పేజీ అరుణశ్రీవాళ్లు రాసిందే, అందులో ఆ సంగతి లేదు.

లక్ష్మణమ్మ అంతా విన్నది.

"అయితే మీ మావని ఎవులు సంపీసినట్టే?"

"ఎవులూ కాదత్తా. దానికి అంకె దొరక్క సున్నా అనీసింది."

"తెల్దని సెప్పొచ్చు గదే! నీళ్లు లేవని సెప్తాదేటి?"



ఆ తర్వాత అరుణశ్రీకి పని ముందు కూర్చోవడమే కష్టమైంది. పరీక్ష నడిపి, తెర మీద ఏ గొడవా లేకుండా సున్నా వస్తే, వీపు వెనక నీళ్లు పెరుగుతున్నట్టుండేది. లేచి వెళ్లి గుమ్మం దగ్గర నేల తడిమి చూసుకునేది. పొడిగానే ఉండేది. మళ్లీ వచ్చి కూర్చునేది.

అలా లేచి కూర్చుంటూనే ఆ పేజీ తిరగరాసింది. గుర్తు ఒక్కదాన్నే నమ్మొద్దనీ, ఫంక్షన్ ఒక్క అక్షరమూ దాటకుండా మొదలైన చోటే ఆగిపోతే అసలు అంకే దొరకలేదని తెలుసుకోవాలనీ రాసింది. పేజీలు సరిచూసే పెద్దలు, తెలిసిన సంగతికి ఇంత పొడుగెందుకన్నారు. "తెలియనివాళ్లూ చదువుతారు" అని జవాబు పెట్టింది. చివరికి ఒప్పుకున్నారు. మురళీమోహన్ కూడా ప్రోగ్రాం మార్చాడు. రీడింగ్ అందకపోతే ఇప్పుడు హారన్ మోగుతుంది.

ఈ వేసవిలో ఒకనాడు రీడింగ్ అందక ఎండిన ఏటి మీద అది మోగింది. జనం పరిగెత్తి, ఇసుక చూసి, తిట్టుకుంటూ వెనక్కి మళ్లారు. లక్ష్మణమ్మ ఫోన్ చేసింది.

"నానూ పరిగెత్తీసేనే. అందరూ ఎలిపోనారు. మీ మావ వస్తాడేమోనని ఇక్కడే నిలబడి సూస్తన్నాను."

"అత్తా, ఇంటికి పో. నానొస్తన్నాను."

అరుణశ్రీ వెంటనే బస్సెక్కింది. చేరేసరికి లక్ష్మణమ్మ ఇంకా గట్టు మీదే ఉంది. అరుణశ్రీ ఆమె చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టింది. ఏటి వైపు తలుపు వేసెయ్యబోతే లక్ష్మణమ్మ వద్దంది.