పాట లేని పట్నం, పొట్టు నిండిన చాట

మా చిన్నప్పుడు ఆళ్ళగడ్డలో బుడ్డలు ఒలిచే రోజులొస్తే మా ఇంటి పంచ నిండా ఆడవాళ్ళే... వేరుశనక్కాయల్ని మావైపు బుడ్డలంటాం. విత్తనానికి ఉంచిన బుడ్డల్ని మిషన్‌కు వేసేవాళ్ళు కాదు, గింజ పగులుతుందని. అన్నీ చేత్తోనే ఒలవాలి. గింజలు చాటలోకి, పొట్టు పక్కన కుప్పలోకి.

అందరి చేతులకూ పనే, మా ఓబులమ్మత్తకు తప్ప. మా నాయనకు చెల్లెలు. ఆమె పని చదవడం! లైబ్రరీ నుంచి తెచ్చిన నవల పట్టుకుని మధ్యలో పీటేసుకుని కూర్చునేది. "నువ్వు చదువమ్మా ఓబులమ్మా, నీ వంతు మేం ఒలుస్తాంలే" అనేవాళ్ళు అందరూ.

ఒక ఎండాకాలం అట్ట ఊడిపోయిన నవల ఒకటి తెచ్చింది. ఎక్కడో పరాయి దేశం నవల, ఎవరో తెలుగులోకి తెచ్చారు. అందులో ఒక పట్నం... అక్కడ పాట పాడితే నేరం. పెళ్ళికి పాట లేదు, పసిబిడ్డకు జోల లేదు. ప్రతి కిటికీ కిందా సర్కారు మనిషి ఒకడు చెవులు రిక్కించి కూర్చుని ఉంటాడు.

"అదేం పట్నమే, దాని మీద మన్ను పొయ్య!" అని మా జేజి, అంటే నాయనమ్మ, తిట్టింది. తిట్టి ఊరుకుందా... "ఊఁ, చదువు" అంది.

ఆ పట్నంలో ఒక తల్లి. బిడ్డకు జ్వరం. పాట కావాలని ఏడుస్తుంది. కిటికీ కింద వాడున్నాడు. తల్లి బిడ్డ అరచేతిని తీసుకుని తన గొంతు మీద పెట్టుకుంటుంది. నోరు మూసుకుని లోపలే పాడుతుంది. బయటికి చప్పుడు రాదు. బిడ్డ వేళ్ళతోనే ఆ పాట విని నిద్రపోతుంది.

అత్త అక్కడ ఆగింది...

పంచలో ఒక్క బుడ్డ చిట్లిన చప్పుడు లేదు. పక్కింటి ఖాసింబీ తన గొంతు మీద తానే చెయ్యి పెట్టుకుని కూర్చుంది. అట్ట కూడా లేని పుస్తకం ఇంతమందిని ఇలా కట్టిపడేస్తుందా అని నోరు తెరుచుకుని చూశాను. ఆ ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తీరలేదు.

కాసేపటికి చూస్తే చాటల నిండా పొట్టు, పొట్టు కుప్పలో గింజలు! వింటూ వింటూ తిరగేసి వేశారు. "ఒక్కదానికన్నా సోయి ఉండాదా?" అని జేజి అందరినీ అరిచింది. తీరా చూస్తే ఆమె చాటలోనూ పొట్టే...

ఇన్నేళ్ళకు ఆ నవలను మనవాళ్ళు సినిమాగా తీశారు. ఈ మధ్యే నంద్యాలకు వచ్చింది. అత్తకు డెబ్బై దాటాయి. కళ్ళలో నీటికాసులు. చదవడం ఎప్పుడో మానేసింది. ఉన్న కాస్త చూపు కూడా ఎన్నాళ్ళు ఉంటుందో డాక్టరే చెప్పలేకున్నాడు.

"చూపు ఉండంగానే ఆ తల్లిని ఒకసారి చూడాలమ్మే. నన్ను నంద్యాలకు పిల్చుకపో" అంది. మా పాపను కూడా తీసుకుని ముగ్గురం వెళ్ళాం.

ఏం చెప్పమంటారు! పాట నేరమైన పట్నంలో పాట మీద పాట. సర్కారు మనుషులు కూడా డ్యాన్సే. సరే, ఆ తల్లి ఘట్టం వచ్చింది. అత్త ముందుకు వంగి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తెర మీద తల్లి బిడ్డ అరచేతిని తీసుకుంది... అంతే, వయొలిన్లు, కోరస్, జోరువాన. తల్లి నోరారా పాడేసింది. అత్త నా చెయ్యి వదిలేసి వెనక్కి వాలింది.

బయటికొచ్చాక నాకు ఏడుపొక్కటే తక్కువ. అత్త మాత్రం తాపీగా అంది. "ఆమె కాదులేమ్మే ఈమె. జనం నాకు అగపడకపోయినా వినపడతాండారు గదా... అంత ఘట్టం జరుగుతాంటే కరకరా నములుతానే ఉండారు. ఒక్క చెయ్యన్నా ఆగలా."

బస్టాండులో పాప ఉడకబెట్టిన బుడ్డలు కొనుక్కుంది. బస్సు కదిలాక ఒలుచుకుంటూ అడిగింది, "అవ్వా, పుస్తకంలో ఎట్లుంటాది?"

అత్త మొదలుపెట్టింది. చేతిలో పుస్తకం లేదు, కళ్ళలో చదివేంత చూపు లేదు... ఒక్క మాట పొల్లు పోలేదు! ఆ తల్లి దగ్గరికొచ్చేసరికి పాప అరచేతిని తీసుకుని తన గొంతు మీద పెట్టుకుంది. నోరు మూసుకుంది. బస్సు రొదలో నాకేమీ వినపడలేదు. పాప కళ్ళు మాత్రం ఇంతింతయ్యాయి. మా పంచలో చూసిన ముఖమే అది.

ఆళ్ళగడ్డలో దిగేటప్పుడు పాప గోల. "అమ్మా, నా బుడ్డలేవి?" ఒడిలో కవరు నిండా పొట్టే. గింజలన్నీ కిటికీలోంచి బయటికి విసిరేసింది!

అత్త కవర్లో చెయ్యి పెట్టి తడిమి చూసింది. పొట్టును పిడికిట్లో పట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది. "ఇప్పుడు చూసినామ్మే ఆ తల్లిని" అంది.

ఇప్పుడు మావైపు విత్తనాలకూ మిషనే. పంచలో చాటలు లేవు, మధ్యలో పీటా లేదు... మీకు ఎవరు చదివి వినిపించారు? అది వింటూ మీరు ఏ పని తిరగేసి చేశారు? కింద రాయండి. అన్నీ అత్తకు చదివి వినిపిస్తాను. ఇప్పుడు చదివే వంతు నాది.