గీత అవతలి తొమ్మిదో నెంబరు

1977 జూన్‌లో నన్ను తిరువళ్ళూరు దగ్గరి ఒక పంపుల కర్మాగారంలో టైమ్ ఆఫీసు నుంచి పర్సనల్ విభాగానికి మార్చారు. హోదా సీనియర్ అసిస్టెంటు. హాజరు, ఓవర్‌టైము లెక్కలతో పాటు కర్మాగారం ఫుట్‌బాల్ జట్టు వ్యవహారం కూడా నా బల్ల మీదికి వచ్చింది. నేను చదివింది ఎస్సెస్సెల్సీ వరకే. సగటులు, శాతాలు పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను. ఆట తెలియదు. ఎవరు ఎన్ని గోల్స్ వేశారో మాత్రం తప్పు లేకుండా చెప్పగలను. అది చాలుననే అనుకున్నాను.

ఆ ఏడు ఆటగాళ్ల కోటా కింద ఒక్క పర్మనెంటు ఉద్యోగం మంజూరైంది. పోటీలో ఇద్దరు టెంపరరీ హెల్పర్లు మిగిలారు. ఊత్తుకోట పక్కన సేద్యం చేసుకునే నాయుళ్ల ఇంటి మునిరత్నం ఒకడు. మింజూరు నుంచి వచ్చే సాల్మన్ మరొకడు. వాళ్ల ఇంట్లో అందరిదీ కూలి పనే. టెంపరరీ వాళ్లను కొన్ని నెలలకోసారి ఆపి, మళ్లీ తీసుకోవడం అక్కడి పద్ధతి. ఈసారి మిగిలినవాణ్ణి మళ్లీ తీసుకోబోమని వర్క్స్ మేనేజరు ముందే చెప్పేశారు. సిఫార్సు నేను రాయాలి. ఆట తెలిసినవారు ఒకరు దాని మీద సంతకం పెట్టాలి.

మాకు ఆట తెలిసిన మనిషి కెల్నర్ ఒక్కడే. కొత్త ప్రెస్సు బిగించడానికి జర్మనీ నుంచి వచ్చిన ఫిట్టరు. యాభైలలో తమ దేశంలో సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే ముందు వరుసలో నడిమి మనిషిగా, ఆడినవాడు. అప్పట్లో అక్కడి ఆటగాళ్లు కూడా వారమంతా పనిచేసి ఆదివారం ఆడేవారట. సాయంత్రాలు మా జట్టుకు నేర్పేవాడు.

మునిరత్నం అప్పటికి పదకొండు గోల్స్ వేశాడు. తొమ్మిదో నెంబరు చొక్కాతో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడే సాల్మన్ వేసినవి రెండు. నా లెక్కలో ఇక చర్చ లేదు. మునిరత్నం పేరుకు కెల్నర్ మాత్రం సంతకం పెట్టనన్నాడు.

మీరు మీ కాలంలో ఎన్ని వేశారని అడిగాను. తనకు తెలియదనీ, లెక్కపెట్టే పని క్లబ్బు కమిటీదనీ చెప్పాడు. ఒక సంవత్సరం వాళ్ల జట్టు ఆ ప్రాంతంలో మొదటి స్థానంలో నిలిచిందట. ఆ ఏడు ముందు వరుస ఐదుగురిలో అందరికన్నా తక్కువ గోల్స్ అతనివేనట. కమిటీ ఆ లెక్క చూసి అతన్ని తీసేసింది. తర్వాత చిన్న క్లబ్బులు, తర్వాత మోకాలి దెబ్బ, చివరికి చేతిలో స్పానరు మిగిలింది. ఇదంతా బోల్టులు బిగిస్తూనే చెప్పాడు. నాకు అర్థం కాలేదు. గోల్స్ వేయని ఫార్వర్డ్‌తో జట్టు మొదటి స్థానానికి ఎలా వస్తుంది? ఆ స్థానమైనా తప్పు, ఇతని జ్ఞాపకమైనా తప్పు అనుకున్నాను.

ఆడికృత్తిక పండుగకు వచ్చే కావళ్ల రద్దీ తగ్గిన వారం, తిరుత్తణి కొండ కింది మైదానంలో ఫైనల్ జరిగింది. అవతలి జట్టు స్టాపర్, అంటే నడుమ కాపలా కాసేవాడు, అరక్కోణం నుంచి వచ్చిన భారీ మనిషి. ఆ రోజుల్లో చొక్కా మీది నెంబరును బట్టే మనిషి స్థానం తెలిసేది. స్టాపర్ పని ఒక్కటే, తొమ్మిదో నెంబరును వదలకపోవడం. ఆ మనిషి ఆటంతా సాల్మన్‌కు అంటుకునే తిరిగాడు.

రెండో సగంలో సాల్మన్‌కు పిక్క పట్టేసింది. మార్చుకోదగ్గ ఆటగాళ్లందరినీ మేం అప్పటికే దింపేశాం. అతన్ని గీత అవతల, మా బెంచీ ముందు పడుకోబెట్టి కెల్నర్ కాలు నొక్కుతున్నాడు. సాల్మన్ లేకుండా జట్టు విలువెంతో ఇప్పుడు తేలుతుందని నేను మైదానం వైపు తిరిగాను. చూస్తే స్టాపర్ మా ఎదుటే, గీతకు లోపల నిలబడి ఉన్నాడు.

“ఏమన్నా, ఈడొచ్చి నిలబడినావే?” అన్నాడు సాల్మన్ పడుకునే.

“నువ్వు లేస్తే పట్టుకోవద్దా?”

“నేను ఆటలోనే లేను కదన్నా.”

“అదంతా నాకు తెల్దు. తొమ్మిదిని వదలద్దని మా మాస్టరు చెప్పినాడు.”

“అట్లయితే ఊరికే నిలబడేదానికి బదులు ఈ రెండో కాలన్నా పిసుకు.”

బెంచీ మీద అందరూ నవ్వుతుండగానే అవతల అరుపులు లేచాయి. నడుమ ఎవరూ లేని చోటు గుండా మునిరత్నం ఒంటరిగా పోయి గోలు వేశాడు. ఆ ఒక్క గోలుతోనే గెలిచాం.

కెల్నర్ నా వైపు తిరిగి, దీన్ని ఎవరి పేరున రాస్తావని అడిగాడు.

తిరుగు బస్సులో అదే ఆలోచన. వేసింది మునిరత్నం, అందులో అనుమానం లేదు. ఆ చోటు ఖాళీ అయింది సాల్మన్ వల్ల. ఆటలో లేని మనిషికి ఆటలో ఎంత వాటా ఇవ్వాలి? వాటా ఇస్తే మిగిలిన పదకొండు గోల్స్ సంగతేమిటి? అన్నిసార్లూ నేను బంతినే చూశాను. అసలు ఇదంతా ఒక మందబుద్ధి స్టాపర్ కథే కావచ్చు గదా అని కెల్నర్‌ను అడిగాను. స్టాపర్లందరూ చేసేది ఇదేననీ, కాకపోతే ఇంత దగ్గరగా వచ్చి నిలబడరనీ అన్నాడు.

పూర్తిగా నమ్మకం కుదరకుండానే సాల్మన్ పేరు రాశాను. కెల్నర్ సంతకం పెట్టాడు. మేనేజరు ఇద్దరి గోల్స్ అడిగి, పన్నెండు, రెండు అని విని ఆమోదించారు. కెల్నర్ బిగిస్తున్న ప్రెస్సు ఇంకా నడవలేదు. కెల్నర్‌ను నొప్పించడం ఇష్టం లేకపోయిందేమో. అసలు కారణం నాకు ఇప్పటికీ తెలియదు.

మునిరత్నం నా బల్ల దగ్గరికి వచ్చాడు. “గోల్సు నేనేస్తే పర్మనెంటు వానికా సార్? ఇది యాడి లెక్క?”

వెనకే వచ్చిన సాల్మన్, “వాడు అడిగేది న్యాయమే సార్,” అన్నాడు.

వేరే చోట చూపించుకోమని మునిరత్నానికి పన్నెండు గోల్స్ సంగతి ఉత్తరంగా రాసిచ్చాను. దీపావళిలోపే ఆవడిలో ఒక కర్మాగారం అతన్ని తీసుకుంది. మరుసటి ఏడు సాల్మన్ ఎప్పటిలాగే స్టాపర్లను పక్కకు లాగుకుపోయాడు. ఖాళీ అయిన చోటికి పరుగెత్తేవాడు మాకు లేడు. మొదటి రౌండులోనే ఓడాం.

లెక్క మనం అడిగినదానికే జవాబు చెబుతుందని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఎవరికి సిఫార్సు రాయాల్సి వచ్చినా, అంకెలు తీసేముందు ఒక పూట బంతిని వదిలి మనిషిని చూసేవాడిని. అలా చూసినా అన్నిసార్లూ అర్థం కాలేదు.