గాల్వే రైల్లో మా నాన్నమ్మ

నా చిన్నప్పుడు జరిగిన ఆ రైలు ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వయసు మీదపడితే కోపాలు చల్లారతాయంటారు. ఇది చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోనూ లేదు.

మా నాన్న డాక్టరు. పైచదువు కోసం ఐర్లండ్ వచ్చి డబ్లిన్‌లో ఒక ఆస్పత్రిలో ఉద్యోగంలో చేరారు. అప్పట్లో మా వీధిలో మన దేశంవాళ్ళు మేము తప్ప ఎవరూ లేరు. ఆ వేసవిలో మా నాన్నమ్మ గుంటూరు నుంచి మమ్మల్ని చూడటానికి వచ్చింది. బాపట్ల సముద్రం తప్ప మరో సముద్రం ఎరగదు. ఇక్కడి సముద్రం చూపిద్దామని నాన్న ఆదివారంనాడు గాల్వే వెళ్ళే విహారయాత్ర రైలెక్కించారు. రైలుపెట్టె నిండా ఫ్లాస్కులు, ఇసుకలో ఆడుకునే బకెట్లు, పిల్లల గోల.

దారిలో కాలేజీ కుర్రాళ్ళ గుంపు ఒకటి ఎక్కింది. అది వాళ్ళ కాలేజీ అల్లరి వారమట. అట్టముక్కతో చేసిన స్టేషన్‌మాస్టరు టోపీ పెట్టుకున్న ఒకడు ఈల వేసి, యాత్రికులకు వింతలు చూపించే గైడులా మొదలుపెట్టాడు. పొలంలో ఆవును చూపించి అది ఈ ఊరి ఎంపీగారి అక్క అన్నాడు. అత్లోన్ దగ్గర షానన్ నది వస్తే, బిషప్‌గారు స్నానాలతొట్టి కొళాయి కట్టడం మరిచిపోయారన్నాడు. అందరం నవ్వాం. నిజంగానే బాగా చెప్పాడు.

తరువాత మా సీటు ముందుకొచ్చి ఈల ఊదాడు. "ఇక కుడివైపు, ఇండియా మహారాణి! చెయ్యి చూసి జాతకం చెబుతుంది. ఏనుగు లగేజీ పెట్టెలో ఉంది!" పెట్టెంతా గొల్లుమంది. కుర్రాళ్ళు వరసకట్టి నాన్నమ్మ ముఖం ముందు అరచేతులు చాపారు. ఒకడైతే ఆమె పైటకొంగు లాగి తన నెత్తిన ముసుగేసుకున్నాడు.

నాన్న నవ్వారు. పెదాలు మాత్రమే కదిలిన ఆ నవ్వు ఈరోజుకీ నా కళ్ళముందుంది. అమ్మ తల వంచుకుంది.

"ఏమంటున్నార్రా వీళ్ళు?" అంది నాన్నమ్మ.

"ఏంలేదమ్మా. ఊరికే, సరదాకి."

"సరదా అయితే నీ మొహం అట్లా ఉందేం?" అని నావైపు తిరిగింది. "నువ్వు చెప్పవే."

చెప్పాను. ఆమె లేచి నిలబడి, వాడి నెత్తిమీది కొంగు ఒక్క గుంజు గుంజి లాక్కుంది. తను అన్నది అన్నట్టు ఇంగ్లీషులో చెప్పమని నాకు పురమాయించింది. "నేను జాతకాలు చెప్పేదాన్ని కాదు. నీలాగే టికెట్టు కొనుక్కుని సముద్రం చూడ్డానికి పోతున్నా. నా బట్ట ముట్టుకోవడానికి నువ్వెవడివి?"

పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. టోపీవాడు "కాస్త తమాషాకే కదా" అని గొణిగి, మిగతావాళ్ళను తీసుకుని పక్క పెట్టెలోకి వెళ్ళిపోయాడు. క్షమాపణ చెప్పలేదు. అప్పటిదాకా నవ్విన పెద్దమనుషులంతా పేపర్లు తెరుచుకున్నారు. కుర్రాళ్ళకన్నా వాళ్ళమీదే నాకు ఎక్కువ కోపం.

గాల్వేలో ఒడ్డున నాన్న విసుక్కున్నారు. "మేం ఇక్కడ బతకాలమ్మా!"

"బతకడానికి చదువుందిగా నీకు. ఆ నవ్వెందుకురా మళ్ళీ?" అంది నాన్నమ్మ.

నాన్న ఇసుకలో కూర్చుని బూట్లు విప్పారు. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు ఆయన పేరు నోరు తిరగదని ఏదో ఇంగ్లీషు ముద్దుపేరుతో పిలిచేవాడు. ఆ తరువాత అతను అలా పిలిచినప్పుడల్లా నాన్న తన పేరు పూర్తిగా చెప్పడం మొదలుపెట్టారని అమ్మ నాతో చెప్పింది. పెద్ద డాక్టరు ముఖం మాడ్చుకున్నాడట. నాన్న మాత్రం మానలేదు.

మొన్న మా మనవరాలి కాలేజీ స్నేహితులు మా ఇంటికొచ్చి, ముసలివాళ్ళ సేవకి మన దేశం నుంచి కొత్తగా వచ్చిన కేరర్లు ఇంగ్లీషు ఎలా మాట్లాడతారో అనుకరించి చూపించారు. చివరికి నావైపు చూశారు, నేనూ నవ్వుతానని. "ఇట్స్ ఓన్లీ అ బిట్ ఆఫ్ క్రాక్, అమ్మమ్మా" అంది మనవరాలు. తమాషాకేనట. నాకు నవ్వు రాలేదని చెప్పాను.

ఇలాంటప్పుడు ఈ వయసులోనూ నవ్వేసి తప్పించుకోవడమే తేలిక. అయినా రాని నవ్వు తెచ్చిపెట్టుకోను. ఆ తరువాత గదిలో పరుచుకునే ఇబ్బందిని నేనే సర్దాలని కూడా అనుకోను. ఆ ఇబ్బంది తెచ్చినవాళ్ళనే దాన్ని భరించనిస్తాను.