‘తప్పొప్పులు’ ఇల్లు మారింది

బందరు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చెప్పే వెంకటసుబ్రహ్మణ్యం మాస్టారికి అనుమానం రానిదంటూ ఈ లోకంలో లేదు. గుడివాడ బోర్డున్న బస్సెక్కి, ఇది గుడివాడ వెళ్తుందా అని కండక్టర్ని అడుగుతారు. వెళ్తుందంటాడు. పక్క సీటాయన్ని అడుగుతారు. ఆయనా అవునంటే, ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారేమిటని దిగిపోతారు.

అలాంటి మనిషి, తెలుగులో అక్షరదోషాలు పట్టే ‘తప్పొప్పులు’ అనే ప్రోగ్రాం రాసి, కోడుతో సహా లోకానికి ఉచితంగా ఇచ్చేశారు. ఎవరైనా దిద్దవచ్చు, పదాలు చేర్చవచ్చు. కాకపోతే అవన్నీ మాస్టారికి పంపాలి. ఆయన తనివితీరా అనుమానించి, తన చేత్తోనే సైటులో ఎక్కిస్తారు. పాస్‌వర్డు ఇంకెవరికీ ఇచ్చింది లేదు.

ఆయన పాత శిష్యురాలు అపర్ణ గుడివాడలో లెక్కల లెక్చరరు. ఆరేళ్లుగా దిద్దుబాట్లు పంపుతోంది. 2009లో, కోడు ఉంచిన పాత సైటు రోజూ మొరాయిస్తుంటే, కొత్త సైటుకి మారదామని బందరు వచ్చింది.

“వాళ్లు ఊరికే చోటిస్తారా? ఎందుకిస్తారమ్మా?”

“మీరూ ప్రోగ్రాం ఊరికే ఇస్తున్నారు కదండీ!”

“నా సంగతి నాకు తెలుసు. వాళ్ల సంగతి నీకు తెలుసా?”

ఒప్పించడానికి నెల పట్టింది. చివరికి పాస్‌వర్డు సగం ఫోన్లో చెప్పారు, సగం పోస్టులో పంపారు. ఏ సగం ముందో చెప్పలేదు.

ఎలాగో కుదుర్చుకుని, అపర్ణ కోడంతా కొత్త సైటుకి సిద్ధం చేసి కబురు చేసింది. మర్నాడే మాస్టారు ప్రింటు కాగితాల కట్ట చంకన పెట్టుకుని గుడివాడలో దిగారు.

“ఇది చెల్లదమ్మా. రెండు వారాలు ఎక్కడా పెట్టకు. నేను ఒక్కొక్కటీ చూడాలి.”

అపర్ణ మొహం మాడిపోయింది. “నేను అందులో ఏదో కలిపాననుకుంటున్నారా మాస్టారూ?”

ఆయన వినిపించుకోకుండా వెళ్లిపోయారు. ఆరేళ్ల తర్వాత కూడా ఇంతేనా అని ఆమెకు అన్నం సయించలేదు.

మూడో రోజు అవనిగడ్డ నుంచి డీటీపీ షాపు కృపావరం ఫోన్ చేశాడు. అతనూ పదాలు పంపేవాడే. “మాస్టారొచ్చి నా పాత మెయిళ్లన్నీ చూపించమంటున్నారండీ. నామీద కేసేమన్నా ఉందాండీ?”

ఆ తర్వాత మోపిదేవి నుంచి ఫోన్, రిటైరైన తెలుగు పండితురాలు సత్యవతమ్మగారిది. “అమ్మాయ్, మీ మాస్టారు నా పదాల నోటుబుక్కు పట్టుకెళ్లారు. నా పేరున ఈ-మెయిలు కూడా తెరిచారు. నాకెందుకండీ అంటే, ఉండి తీరాలన్నారు. ఇదేమన్నా మోసమంటావా?”

అందరినీ దొంగల్లా చూస్తున్నారని అపర్ణకు మండిపోయింది. తేల్చుకుందామని ఆదివారం పొద్దున్నే బందరు వెళ్లింది.

మాస్టారింట్లో మంచం నిండా కాగితాలే. ప్రతి మార్పుకీ ఎదురుగా ఆయన చేతిరాతలో ఒక తేదీ, ఒక పేరు.

“మాస్టారూ, ఏమిటిది?”

“ఎక్కించింది నేనని పాత సైటు అన్నింటికీ నా పేరే వేసిందమ్మా. నువ్వూ అలాగే తరలించావు. కొత్తదాంట్లో ఈ-మెయిలుంటే చాలు, ఎవరి పని వాళ్ల పేరున వేయొచ్చట. జనం దించుకున్నాక మార్చడం కష్టం. అందుకే ఆపమన్నాను.”

“ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదండీ!”

“చెబితే కృపావరం నావి పది అనేవాడు. నువ్వు నావి ఇరవై అనేదానివి. మిమ్మల్ని నమ్మడం ఎలా? తొంభై ఏడు పంపాడతను!”

అపర్ణ కాగితాలు తిరగేసింది. ‘వెళ్లి’ అన్న మాటను తప్పుగా చూపిస్తోందని 2003లో తను పంపిన మొదటి దిద్దుబాటు కనిపించింది. అది ఆమెకే గుర్తులేదు.

“మీ పేరున చాలా తగ్గిపోయాయి మాస్టారూ.”

“తగ్గలేదు. సరిపోయాయి. నువ్వు కూర్చో, నేను చదువుతాను, టైపు చెయ్యి.”

సాయంత్రానికి ‘తప్పొప్పులు’ కొత్త సైటులో కాపురం పెట్టింది. కృపావరం అందులో ఎవరి పేరున ఎన్నో చూపే పేజీని ప్రింటు తీసి, లామినేషన్ చేయించి, షాపు కౌంటరు మీద అతికించాడు. శుభలేఖల కోసం వచ్చినవాళ్లు ఇదేంటండీ అంటే, పని ఆపి మరీ చెబుతాడు.