పెట్టెల కొట్లో ఇంగ్లీషు పగ

ఎనభైల నడుమ నాకు ఒకే ఒక్క కోరిక ఉండేది. మామిడి సీజనుకు హైదరాబాదు నుంచి దిగే ఒక బేరగాడికి, ఆయన ఇంగ్లీషులోనే, మొహం పగిలేలా జవాబు చెప్పాలి.

నూజివీడులో మాది పెట్టెల కొట్టు. కాయలు పేర్చే చెక్కపెట్టెలు, గడ్డి, పురికొస అమ్మేవాళ్లం. ఓ వేసవిలో ఆయన తన గుమాస్తాతో వచ్చి, నా ఎదుటే నిలబడి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. గుమాస్తా నవ్వాడు. మర్యాద తక్కువ కాకూడదని నేనూ నవ్వాను. ఆయన చెప్పిన రేటుకే పెట్టెలు ఇచ్చేశాను. వాళ్లు వెళ్లాక పక్కకొట్లో పనిచేసే నా స్నేహితుడు, బి.ఏ. చదివినవాడు, నా దగ్గరికొచ్చాడు.

“నువ్వెందుకు నవ్వావురా? వీడు తలూపే ఎద్దు, ఎంతంటే అంతకిస్తాడన్నాడు నిన్ను.”

నిజం చెప్పాలంటే నాన్నా నేనూ రైతుల ఎదుట మా కొట్టు సంకేతాల్లోనే మాట్లాడుకునేవాళ్లం, తగ్గాలా వద్దా అన్నది వాళ్లకి తెలియకుండా. మేం చేస్తే వ్యాపారం, ఆయన చేస్తే మోసం. నా న్యాయం అప్పట్లో అలా ఉండేది. ఇప్పుడూ పెద్దగా మారలేదు.

బస్టాండు దగ్గర వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే అతని దగ్గర ఇంగ్లీషు నేర్పే క్యాసెట్ ఒకటి ఉందని తెలిసింది. అందులో అన్నీ రెండు మూడు నిమిషాల ముక్కలు: రైల్వేస్టేషను, హోటలు, బట్టల కొట్టు.

“సినిమాలుండగా ఇదేం రోగం తమ్ముడూ?” అన్నాడతను.

“ఒకడి మీద పగుందన్నా.”

“పగకైతే మన తెలుగు సినిమాలే మేలు కదా!”

పాఠాలు ఇప్పట్నించి, అద్దెకి బదులు మామిడి రసాలు వేసవిలో అని బేరం కుదుర్చుకున్నాను. రోజూ పొద్దున్నే అతను కొట్టు ఊడ్చుకునేలోపు ఒక్కో ముక్కా వేసుకుని, వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ వినేవాణ్ణి. కొత్త మాటలు పెట్టె చెక్కల మీద బొగ్గుతో రాసుకునేవాణ్ణి. వాటిలో కొన్ని అలాగే అమ్ముడైపోయాయి. నా చదువు ఎన్ని ఊళ్లు తిరిగిందో! బట్టల కొట్టు ముక్క మాత్రం బాగా విసిగించింది. దొర ధర అడుగుతాడు, కొట్టువాడు చెబుతాడు, దొర థాంక్యూ అని డబ్బిచ్చేస్తాడు. ఇరవైసార్లు చూసినా అందులో బేరం మాటే రాలేదు. వీళ్లా మనల్ని ఏలింది అనుకున్నాను.

వేసవి వచ్చింది, ఆయనా వచ్చాడు. నా జవాబు నెల రోజులుగా నోట్లో నానుతోంది. ఆయన పెట్టె తట్టి చూసి గుమాస్తాతో ఇంగ్లీషులో అన్నాడు: సరుకు బాగుంది, కాయలు కోసేశారు, రేపు పొద్దున్నే లారీ కదలాలి, ఇక్కడ దొరక్కపోతే చచ్చాం, చెక్క పచ్చిదని చెప్పి రేటు తగ్గించు.

ప్రతి మాటా అర్థమైంది. నోరు తెరిచాను. తెరిచిన నోటిని నాన్న పెంపకం మూసేసింది. ఇప్పుడు ఒక్క ముక్క ఇంగ్లీషులో అన్నానా, ఆయన జన్మలో నా ఎదుట ఇంగ్లీషు మాట్లాడడు.

“చెక్క పచ్చిగా ఉందయ్యా,” అన్నాడు గుమాస్తా.

“అయితే వద్దులెండి. ఆరాక ఇస్తాను, నాలుగు రోజులాగి రండి.”

“మాకేం, వేరే కొట్లు లేవా?” అని విసురుగా వెళ్లారు. వాళ్లకంటే ముందే వెనక సందులోంచి పరుగెత్తి మిగతా రెండు పెట్టెల కొట్లలోనూ చెప్పాను: “లారీ రేపే. తగ్గకండి.”

మధ్యాహ్నానికి చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చారు. రేటు పెంచి చెప్పాను.

“అన్యాయం అబ్బాయ్! పొద్దున ఇంత లేదుగా?” అన్నాడాయన.

“పొద్దున చెక్క పచ్చిదన్నారుగా. ఇప్పటికి ఆరిందండీ.”

ఆ రేటుకే తీసుకున్నాడు. నా జవాబు మాత్రం నాలుక చివరే ఎండిపోయింది. పెట్టెలు బండికెక్కుతుంటే ఆయన గుమాస్తాను ఇంగ్లీషులో చాలాసేపు తిట్టాడు. కొన్ని మాటలు క్యాసెట్లో లేనివి. గుర్తుపెట్టుకుని మా బి.ఏ.ని అర్థం అడిగాను.

“ఛీ, ఎవడు నేర్పాడ్రా నీకివి?”

“ఆ బేరగాడే. ఇంకో నాలుగేళ్లు నేర్పుతాడు. నాకు ఇంగ్లీషొచ్చని నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు,” అన్నాను.