సాగనంపే దరువు రాని బ్యాండు

కుందుర్పి దగ్గర పల్లెలో అమ్మవారికి ఉరుము అనే డోలు వాయించే దాసప్పకు తిప్పేష్ ఒక్కడే కొడుకు. దేవర ముందు తప్ప మోగకూడని ఆ ఉరుమును వాడు గోనెసంచిలో చుట్టి, బస్సెక్కించి, అనంతపురం తెచ్చేశాడు. నాయనకు చెప్పలేదు. మంగళవారం జాతర. ఆలోపు దాన్ని చిలక్కొయ్యకు తగిలించకపోతే వీపు మోగుతుంది.

ఓబిలేష్ గిటారు, గిరి గొంతు, తిప్పేష్ ఉరుము. ఇదీ ‘కరువు’ బ్యాండు. మాది బ్లాక్ మెటల్ సంగీతం అని వాళ్ళన్నారు. గొంతులో చెనిక్కాయ తొక్క ఇరుక్కున్న నక్క అని విన్నవాళ్ళన్నారు. మొహాలకు విభూతి, కళ్ళచుట్టూ బొగ్గు.

ఆదివారం మధ్యాహ్నం ఓబిలేష్ మామ చెనిక్కాయల గోడౌన్లో మొదటి కచేరీ. పాతికమంది కాలేజీ పిల్లలు. రెండో పాటలో తిప్పేష్ వంకరపుల్లతో చర్మాన్ని గురగురమని రుద్దుతూ అమ్మవారిని పిలిచే దరువు ఎత్తుకున్నాడు. వాడికి వచ్చిందే అదొక్కటి.

మూల చీపురు పట్టుకున్న గోడౌన్ పనిమనిషి తిరుపాలమ్మ ఊగడం మొదలుపెట్టింది. పిల్లలు ఫోన్లు పైకెత్తారు.

“ఏమప్పా, ఆయమ్మ మనకంటే బాగా చేస్తాండాది,” అన్నాడు గిరి.

“పూనకం రా అది,” అన్నాడు తిప్పేష్.

ఉరుము ఆపాడు. ఆమె ఆగలేదు. జుట్టు విరబోసుకుని, “నన్ను పిలిచినోడు యాడ?” అంటోంది. పిలిచినోడు స్పీకరు వెనక దూరాడు.

“సాగనంపే దరువు కొట్టరా,” అన్నాడు ఓబిలేష్.

“అది నాయనకే వస్తాది.”

“నాయనకే ఫోన్ చెయ్ మల్ల.”

చేస్తే దొంగతనం బయటపడుతుంది. చెయ్యకపోతే? తిరుపాలమ్మ మోకాళ్ళ మీద కూలబడి ఎగశ్వాస తీస్తోంది. చేశాడు.

దాసప్ప అంతా విన్నాడు. “స్పీకర్లో పెట్టు. నేను చెంబు మింద కొడతా. నా ఎనకాలే రా.”

పల్లెలో చెంబు, అనంతపురంలో ఉరుము. రెండుసార్లు తప్పాడు, రెండుసార్లూ నాయన మొదటికొచ్చాడు. మూడోసారికి తిరుపాలమ్మ తల నిలబడింది. నీళ్ళు తాగి, కొంగు సర్దుకుని, “ఊడ్చేది అట్లే ఉండాది గదా,” అని చీపురు వెతుక్కుంది.

ఫోన్ ఇంకా పెట్టేయలేదు.

“తిప్పేషూ.”

“ఆ, నాయనా.”

“కాళ్ళకు ఏమేసుకోనుండావు?”

కిందికి చూసుకున్నాడు. గిరి దగ్గర ఎరువు తెచ్చుకున్న నల్ల బూట్లు.

“ఉరుము ముట్టినోడు కాళ్ళకేం ఏసుకోగూడదు, ఇప్పు ముందు. మంగళారం నా పక్కన నువ్వే వాయించల్ల. పిలిచేది వస్తే సరా, పంపేది నేర్సుకోవా?”

తిప్పేష్ ఉరుము ఒళ్ళోంచి దించకుండానే వంగాడు. బూటు లేసుముడి విప్పసాగాడు.