పూజగదిలో బ్యాకప్ పెట్టె

టోలెడో దాటిన పావుగంటకు డెట్రాయిట్ బస్సు వెనక భాగంలో హీటర్ చచ్చిపోయింది. అందరినీ ముందుకు సర్దుకోమంది డ్రైవరమ్మ. మల్లికార్జునరావు సంచీ భుజాన వేసుకుని వచ్చి, మిగిలిన ఒకే ఒక ఖాళీ సీట్లో కూలబడ్డారు. డెబ్భై ఆరేళ్ళ మనిషి. ఆర్నెల్లు ఉండి వెళ్ళమని జెర్సీ సిటీ నుంచి కూతురు పిలిపిస్తే, అందులో నాలుగు నెలలు బస్సుల్లోనే గడిపిన ఘటం. పక్కాయన ఒళ్ళో తువ్వాలు చుట్టిన స్టీలు డబ్బా చూడగానే మనవాడేనని తేలిపోయింది.

“పులిహోరా?” అన్నారు.

“హార్డ్ డిస్క్ అండీ.”

ఇక ఆయనకు నిద్రెక్కడిది? ఒక్కొక్క ప్రశ్నే వేసి కూపీ లాగారు. మనిషి పేరు దామోదర్. ఉండేది డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో. కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా కంప్యూటర్ల బ్యాకప్‌లు చూడటమే ఉద్యోగం. కాపీ తీయగానే సరిపోదనీ, అది తిరిగి వస్తుందో రాదో చూడాలనీ కొత్తవాళ్ళను పోరేవాడట. మూడు నెలలకోసారి ఒక మిషన్‌ను కావాలని తుడిచేసి, కాపీలోంచి మళ్ళీ బతికించి చూపించేవాడు. ‘దామోదర్ మళ్ళీ తద్దినం పెడుతున్నాడు’ అని తెలుగు కుర్రాళ్ళు వెనక నవ్వుకునేవాళ్ళు.

“మా తాళపత్రాల వ్యవహారం కూడా అంతే,” అన్నారు రావుగారు. ముప్ఫై ఏళ్ళు వాటి మధ్యే ఉద్యోగం చేశారు మరి. “రాసేవాడొకడు. పైకి చదివి సరిచూసేవాడు ఇంకొకడు. రెండోవాడు లేకపోతే మొదటివాడి చాకిరీ చెదలకే. ఇంతకీ మీ డబ్బాలో ఏముంది?”

దామోదర్ డబ్బా మీద తువ్వాలు సర్దాడు.

“మా రాధారాణి పాఠాలు. డిస్క్ చెడిపోయింది.”

రాధారాణి ఆయన భార్య. ఆదివారాలు బేస్‌మెంట్‌లో ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు చెప్పేది. ప్రతి పాఠమూ రికార్డు చేసేది. కాన్సర్ వచ్చి క్లాసులు మానేశాక, మంచంలోంచే ఓపికున్నంత చెప్పి నలభై పాఠాలు రికార్డు చేసింది. యాభై అయ్యాక అన్నీ కలిపి పిల్లలకు పంపుదామంది. పోయిన మార్చిలో పోయింది.

“మరి పెద్ద బ్యాకప్‌ల మొనగాడివి గదా, కాపీ లేదా?”

“ఉందనే అనుకున్నానండీ. పూజగది చేసుకున్న క్లోజెట్‌లోనే పై అరలో నా లినక్స్ మిషన్, దాని పక్కన నెట్‌వర్క్‌లో కాపీలు దాచే పెట్టె. రెండిటికీ ఒకే ప్లగ్గు. ఒక వరలక్ష్మీ వ్రతం నాడు సీరియల్ లైట్లు పెట్టడానికి ఆ ప్లగ్గు పీకింది. పూజయ్యాక మళ్ళీ పెట్టింది. ఆవిడ తప్పేం లేదు.”

తప్పెక్కడో కూడా ఆయనే చెప్పాడు. మిషన్ ముందు లేచింది. పెట్టె లేవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. మిషన్ దాని కోసం వెతికింది, కనబడలేదు, పోనీలే అని తన దారిన తాను నడిచింది. పెట్టె తగులుకోవాల్సిన చోట దాని పేరుతో ఒక ఖాళీ ఫోల్డర్ మిగిలింది. రోజూ కాపీలు అందులోకే పోయాయి. అంటే పాఠాలున్న అదే డిస్క్‌లోకి. బీరువా తాళంచెవికి మారుచెవి చేయించి అదే బీరువాలో పెట్టినట్టు.

“పెట్టె తగులుకుందో లేదో చూసే లైను ప్రోగ్రాంలో ఒక్కటి రాస్తే పోయేది. ఆఫీసు మిషన్లన్నిటికీ రాశాను. ఇంట్లో రాయలేదు. ఒక్కసారి రీస్టార్ట్ చేసినా మళ్ళీ తగులుకునేది. ఎనిమిది వందల రోజులు ఆపకుండా నడిపానని ఫ్రెండ్స్‌కి గొప్పలు చెప్పుకున్నాను.”

ఆవిడ పోయిన పది నెలలూ ఆ గొంతు వినే ధైర్యం రాలేదట. జనవరిలో ఒక పొద్దున వచ్చింది. వినబోతే డిస్క్ టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. పెట్టె తెరిచి చూస్తే అందులో అన్నీ ఆ వ్రతం ముందువే, మంచంలోంచి చెప్పినవి ఒక్కటీ లేవు. చెడిపోయిన డిస్క్‌లు బాగుచేసేవాళ్ళు క్లీవ్‌లాండ్‌లో ఉంటే ఇచ్చాడు. ఇవాళ తిరిగి తెచ్చుకుంటున్నాడు. ఏం దొరికిందో రాసి కవరులో పెట్టిచ్చారు. మూడు గంటల నుంచీ కవరు జేబులోనే ఉంది.

“మీరు చూస్తారా, సార్?”

రావుగారు కళ్ళజోడు తుడుచుకుని విప్పారు. మొదటి కాగితం మీద, దొరికిన ఫైలు ఒక్కటేనని ఉంది. వెనక పది పన్నెండు పేజీలు, చీమల బారుల్లా సన్నటి అచ్చు. వరసకో తేదీ, తేదీ పక్కన ఒకటే మాట.

“ఏవో తేదీలయ్యా. ప్రతిదానికీ బ్యాకప్ సక్సెస్‌ఫుల్ అని ఉంది.”

“అది లాగ్. రాత్రి కాపీ అవగానే మిషన్ రాసుకుంటుంది.” దామోదర్ గొంతులో మార్పేమీ లేదు. “పాఠాలు?”

“లేవు బాబూ.”

రోడ్డు పక్క కారు ఫ్యాక్టరీల గోడలు మొదలయ్యాయి. దామోదర్ కాగితాల వైపు వేలు చూపించాడు.

“పోయిన మార్చి పదకొండు చూడండి.”

వేలు పెట్టి వెతికారు రావుగారు. ఆ తేదీ ఏమిటో అడగాల్సిన పని లేదు.

“సక్సెస్‌ఫుల్,” అన్నారు.

దామోదర్ తల ఊపాడు. కాగితాలు తీసుకుని, అంచులు సరిచేసి, మడిచి టిఫిన్ డబ్బాలో డిస్క్ మీద పెట్టి మూత బిగించాడు.

“పెట్టెలో పాతవైతే ఉన్నాయి కదయ్యా. అవి వింటున్నావా?”

దామోదర్ డబ్బాకు మళ్ళీ తువ్వాలు చుట్టుకున్నాడు. డెట్రాయిట్ స్టేషన్‌లో బస్సు ఆగింది. పై అరలోంచి తన సంచీ దించుకుని, ఫోన్ నంబరైనా అడుగుదామని రావుగారు ఇటు తిరిగేసరికి సీటు ఖాళీ. కిటికీ అద్దంలోంచి చూస్తే, దామోదర్ డబ్బాను రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని, మంచు తొక్కుకుంటూ టాక్సీలు ఆగే చోటు కూడా దాటి నడిచిపోతున్నాడు.